వంతెనకు గంజి

మా వంతెన గంజి తాగుతుంది. ఈ మాట అంటే బస్సులో పక్క సీటాయన కాస్త జరిగి కూర్చుంటాడు. నాకు అలవాటైపోయింది. నెలల తరబడి రోజూ పొద్దున పదకొండింటికి అన్నం వార్చి, రెండు బిందెల గంజి సైకిలుకు కట్టుకుని, బజారు ఈ కొస నుంచి ఆ కొసకు తొక్కుకుంటూ పోయి దానికి పట్టించినవాణ్ణి నేనే. నా పేరు పానకాలు. గాదెలపాలెం బస్టాండు ఎదురుగా భోజన హోటలు నాది.

మా బజారు కాలువ పడమటి గట్టు పొడుగునా ఉంటుంది. ఉత్తరం కొసన వంతెన, దక్షిణం కొసన బస్టాండు, నడుమ నలభై రెండు కొట్లు. వంతెన మూడు ఖానాలది, ఒక్కో ఖానాకు ఒక కమాను. గానుగ సున్నంతో ఇటుకలు పేర్చి కట్టింది, మా తాతలకంటే పెద్దది. కాలువకు అవతల ఏడు ఊళ్ళున్నాయి. తమలపాకు నుంచి పెళ్ళిబట్టల దాకా ఆ ఊళ్ళవాళ్ళు ఏది కావాలన్నా ఈ వంతెన దాటి మా బజారుకే వస్తారు. వాళ్ళు రాకపోతే మేం ఈగలు తోలుకోవాల్సిందే.

రెండేళ్ళు వరసగా వరదలొచ్చాయి. వంతెన కమానులకు అరచెయ్యి పట్టేంత బీటలు పడ్డాయి. ఇంజనీరు గారు వచ్చి సుత్తితో తట్టి చూసి, తల అడ్డంగా ఊపి, నోటీసు అంటించి వెళ్ళారు. వేసవిలో కాలువకు నీళ్ళు కట్టేయగానే వంతెన పడగొడతారట. కొత్తది కట్టరట, నాలుగు కిలోమీటర్ల ఎగువన బైపాసు వంతెన ఉంది కాబట్టి. బైపాసు ఎక్కినవాడు తిన్నగా పట్నం పోతాడు గానీ వెనక్కి తిరిగి గాదెలపాలెం వచ్చి అరకిలో శనగపప్పు కొంటాడా?

ఆ సాయంత్రమే బజారంతా మా హోటల్లో కూడింది. బల్లలు మా దగ్గరే ఉన్నాయి మరి. నేను లోపల చేతులు కడుక్కుంటుండగా నన్ను కమిటీకి ప్రెసిడెంటును చేసేశారు. బయటికి వచ్చేసరికి చప్పట్లు కొడుతున్నారు. "ఈ బజారులో ఒక్క షట్టరు కూడా శాశ్వతంగా దిగనివ్వం" అని కాగితం రాశాం. దాని మీద మొదటి సంతకం ఇన్నయ్యది.

ఇన్నయ్యది వంతెన పక్కనే పసుపు మర. నలభై ఏళ్ళుగా ఏడు ఊళ్ళ పసుపు కొమ్ములూ అక్కడే ఆడతాయి. భార్య పోయాక మరనీ కూతురినీ రెండిటినీ ఒక్కడే చూసుకున్నాడు. ఆ కూతురే లూర్దు. పసుపు సంచుల మీద కూర్చుని ఎక్కాలు చదివిన పిల్ల, చదివి చదివి పట్నంలో పరిశోధనశాల దాకా వెళ్ళింది. అక్కడేం చేస్తుందో మాకెవరికీ తెలియదు. ఇన్నయ్యను అడిగితే "సున్నంతో ఏందో చేత్తదిలే" అనేవాడు.

కబురు తెలిసి లూర్దు సెలవు పెట్టి వచ్చింది. చంకలో ఒక గాజు సీసా. నా హోటల్లోనే రుబ్బురోలు పొత్రంతో ఒక ఇటుకను రెండు ముక్కలు చేసింది. ముక్కలు రెండూ దగ్గరికి చేర్చి, నడుమ సీసాలోంచి పెరుగు తరకలాంటిదేదో చెంచాడు వేసి, నా సాంబారు గిన్నెలో పెట్టి, పైన గంజీ సున్నపు తేటా పోసింది.

"పది రోజులు దీన్ని కదిలించమాక బాబాయ్. రోజూ గ్లాసుడు గంజి, గ్లాసుడు సున్నపు తేట పొయ్యి. అంతే."

సాంబారు గిన్నె పోయిందే అన్నది నా బాధ. పదో రోజు ఇస్త్రీ ఏడుకొండలుకు పొత్రం ఇచ్చి కొట్టమంది. ముప్ఫై ఏళ్ళు బొగ్గుల పెట్టె తోసిన చేతులవి. మూడు దెబ్బలకు ఇటుక విరిగింది. కానీ అతుకు దగ్గర కాదు, దాని పక్కన. ఏడుకొండలు ముక్కలు అటూ ఇటూ తిప్పి చూసి, పొత్రం కింద పెట్టేశాడు.

"ఏందమ్మా ఇది? ఏం మందు పెట్టావు దీనికి?"

"మందు కాదు మావా, ప్రాణం. పాత సున్నపు గోడల్లో బతికే క్రిమి, కంటికి ఆనదు. ఏడేళ్ళు పెంచి, ఏరి, మార్చి దీన్ని ఇట్టా చేశాం. గంజి తింటది, సున్నం తాగుద్ది, రాయి వదులుద్ది. బీటలోకి పంపిస్తే లోపలే కూచ్చుని రాయి అల్లుకుంటా వచ్చిద్ది. కాకపోతే రోజూ తిండి పెట్టాల. ఒక్క పూట మానినా అలుగుద్ది."

చూడటానికి పెరుగు తోడులా ఉంది కాబట్టి బజారంతా దాన్ని తోడు అనే అంది.

ఇంజనీరు గారు మంచివారే. మా అర్జీ రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. "గంజి పోసి వంతెన బాగుచేస్తామని అర్జీ ఇవ్వడం నా సర్వీసులో ఇదే మొదలండీ" అన్నారు. లూర్దు అతికించిన ఇటుక ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన చాలాసేపు దాన్ని గోకి చూశారు. "రోహిణి కార్తెలో బరువు పరీక్ష పెడతాను. నిలిస్తే నోటీసు నా చేత్తో నేనే చింపుతాను. నిలవకపోతే మరునాడే పలుగు దిగుతుంది" అన్నారు. అంతకన్నా ఏ అధికారి ఏం చేస్తాడు? ఆయన మేలు మేం మరిచిపోం.

మర్నాటి నుంచి వంతెన మా ఇంట్లో జబ్బుమనిషి అయిపోయింది. ఆర్‌ఎంపీ డాక్టరు సుభానీ తన దగ్గరున్న ఖాళీ సెలైన్ సీసాలూ గొట్టాలూ అన్నీ తెచ్చి పిట్టగోడకు వరసగా వేలాడదీశాడు. సీసాలో గంజి, గొట్టం కొస లూర్దు తోడు వేసిన బీటలో. చుక్క చుక్క లోపలికి దిగుతుంటే గంటకోసారి వచ్చి చూసేవాడు. అలవాటు కొద్దీ ఒక చీటీ కూడా రాసి కట్టాడు. పేషెంటు పేరు వంతెన, వయసు తెలియదు అని. కిళ్ళీ కొట్టువాళ్ళు సున్నం ఇచ్చారు. కిరాణా వాళ్ళు నూకలు ఇచ్చారు. నా గంజి అంతా వంతెనకే పోవడంతో ఏడుకొండలుకు బట్టలకు పెట్టే గంజి కరువైంది. ఊరి పెద్దల పంచెలు తడిసిన అప్పడాల్లా వేలాడాయి. "గంజి పెట్టలేదేంరా" అని అడిగినవాళ్ళకు ఏడుకొండలు వంతెన వైపు గడ్డం ఎత్తి చూపించి ఊరుకునేవాడు.

అవతలి ఊళ్ళవాళ్ళ సంగతి చెప్పకపోతే నాకు పుట్టగతులుండవు. పండక్కీ పబ్బానికీ ఫోనులో సరుకులు తెప్పించుకోవడం మరిగినవాళ్ళు, ఈసారి చీటీ పట్టుకుని మా కొట్లకే వచ్చారు. ఒక ముసలామె మూడు కిలోమీటర్లు నడిచి గంజి క్యాను నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఎందుకమ్మా ఇంత ఎండలో అంటే, "నా పురుళ్ళు రెండూ ఈ వంతెన దాటితేనే బతికినయ్యి నాయనా" అంది. నేను క్యాను అందుకుని మొహం అటు తిప్పుకున్నాను. నాకు కళ్ళ నీళ్ళు ఊరికే వస్తాయి, మా ఆవిడ తిరపతమ్మ ఎప్పుడూ వెక్కిరిస్తుంది.

పదిహేను రోజులకు ఒక వింత బయటపడింది. గంజి తాగిన గంటకు తూర్పు ఖానా ఇటుకలు గోరువెచ్చగా అయ్యాయి. తోడు తిని పని చేసేటప్పుడు వేడి పుడుతుందని లూర్దు చెప్పింది. అంతే, దారిన పోయే ప్రతివాళ్ళూ అరచెయ్యి ఆనించి చూడటమే. జ్వరం చూసినట్టు చూసి, "తిన్నదిలే" అని తృప్తిగా పోయేవాళ్ళు. నెలకు నడిమి ఖానా కూడా వెచ్చబడింది. బీటల్లో సన్నటి తెల్ల నార అల్లుకుంది. మరో నాలుగు వారాలకు ఆ నార రాయి అయింది.

పడమటి ఖానా మాత్రం చల్లగా ఉండిపోయింది. మా బజారు వైపుది, అసలు బరువంతా మోసేది. గంజి తాగేది, బీట మాత్రం బీటలాగే ఉండేది.

మా వంతెన కింద గట్టు వారన, కాలువ లాకు గుమాస్తాలు వాడి వదిలేసిన రేకుల గది ఉంది. లూర్దు ప్రయోగశాల అదే. ఒకరోజు పడమటి ఖానా నుంచి గోకి తెచ్చిన పొడిని భూతద్దం కింద పెట్టి చూసి, నన్ను పిలిచింది.

"బాబాయ్, ఈ ఖానాకి పసుపు రాసిందెవరు?"

రాసింది మా తిరపతమ్మే. శుక్రవారం శుక్రవారం బజారు ఆడవాళ్ళంతా వెళ్ళి, ఆ ఖానా మొగదలలో గడపకు రాసినట్టు పసుపు మెత్తి కుంకుమ బొట్లు పెట్టి వస్తున్నారు.

"ఊరికి గడపే గదమ్మా. గడపకి పసుపు రాయకుండా ఎట్టా ఉంటం?" అంది, నేను పిలిస్తే వచ్చిన తిరపతమ్మ.

లూర్దు నవ్వింది. ఆపుకోలేక నవ్వింది. "పిన్నీ, దెబ్బ తగిలితే పసుపెందుకు అద్దుతాం? క్రిములు చావాలనేగా. మీరు ప్రేమగా రాశారు, అది లోపలికి దిగి తోడుని చంపింది. పసుపు మరలో పుట్టినదాన్ని, నాకన్నా తెలియొద్దా?"

ఆడవాళ్ళు బిక్కచచ్చిపోయారు. ఆ రోజే ఖానా మొత్తం కడిగారు. ఇకనుంచి పసుపు బదులు బియ్యప్పిండితో ముగ్గు పెడతామన్నారు. బియ్యప్పిండి తోడుకు ఇష్టమే. లూర్దు సరేనంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

మూడు వారాలు గడిచాయి. పడమటి ఖానా చల్లగానే ఉంది. కొత్తగా వేసిన తోడు కూడా వారం తిరక్కుండా చచ్చిపోతోంది.

ఒక మధ్యాహ్నం లూర్దు మా హోటలుకు వచ్చి విస్తరి ముందు కూర్చుంది. అన్నం కలపలేదు. ఒళ్ళో కాగితం పొట్లం విప్పింది. లోపల నాలుగు గాజు పలకలు, ఒక్కో దానికీ ఆముదం పూసి ఉంది. గాల్లో ఏముందో తెలుసుకుందామని వంతెన మీద నాలుగు చోట్ల కట్టిందట. తూర్పు వైపువి రెండూ తెల్లగా ఉన్నాయి. నడిమిది కాస్త మసకగా ఉంది. పడమటి ఖానా దగ్గర కట్టింది పసుపుపచ్చగా ఉంది.

ఎందుకని అడగాల్సిన పనిలేదు. మాకు వేసవి మొదలైతే పడమటి గాలి. గాలికి ఎగువన ఇన్నయ్య మర, దిగువన ఖానా.

"మర ఆడినన్నాళ్ళూ ఆ ఖానా అతకదు బాబాయ్. ఈ యేడు అనే కాదు, ఎప్పుడూ. అతికినా, దాన్ని బతికించుకోవాలంటే ఆ గాలి తగలకూడదు." పలకలు మళ్ళీ పొట్లం కట్టింది. "నాన్నకి నేనెట్టా చెప్పాలి?"

నన్ను తోడు రమ్మంది. వెళ్ళాం. మర ఆడుతోంది, మంచి సీజను, బయట బళ్ళు ఆగి ఉన్నాయి. ఇన్నయ్య పలకలు నాలుగూ వెలుతురులో పట్టి చూశాడు. స్విచ్చి దగ్గరికి వెళ్ళి మర ఆపేశాడు. ఆ చప్పుడు ఆగేసరికి పక్క కొట్లవాళ్ళు తొంగి చూశారు. సీజనులో పట్టపగలు ఆ మర ఆగడం ఎవరూ ఎరగరు.

"నా దుమ్మేనా?"

"అవును నాన్నా."

"నిన్ను చదివించింది ఈ దుమ్మే. నీ ఫీజులు కట్టింది, నీకు గాజులు కొన్నది, మీ అమ్మకి చివరాఖర్లో మందులు తెచ్చింది ఇదే. ఇయ్యాల నీ కంటికి విషమైందా?"

ఇన్నయ్య నా వైపు తిరిగాడు. "ఒక్క షట్టరు దిగనివ్వమని కాగితం రాసుకున్నాం గదా పానకాలూ. ఆ లెక్కలో నా షట్టరు ఉందా లేదా?"

ఉందన్నాను.

కోపం వచ్చిందే గానీ ఇన్నయ్య చెడ్డవాడు కాదు. మర్నాడే మర చుట్టూ గోనెపట్టాలు కట్టి గంట గంటకూ తడుపుతూ, ఆ ఆవిరిలో పది రోజులు పసుపు ఆడించాడు. ఒళ్ళంతా చెమట పొక్కులు లేచాయి. పదకొండో రోజు లూర్దు కట్టిన కొత్త పలక పచ్చగానే వచ్చింది. పసుపు దుమ్ము గోనెకు ఆగే దుమ్ము కాదు. ఆ పది రోజులూ తండ్రీ కూతుళ్ళు ఒకే ఇంట్లో తిని ఒకే ఇంట్లో పడుకున్నారు గానీ, అక్కర పడితే తప్ప మాట్లాడుకోలేదు.

సంగతి బజారంతా పాకింది. మళ్ళీ మా హోటల్లో మీటింగు. చివరికి ఒకాయన గొణిగాడు, ఒక్క కొట్టు కోసం నలభై ఒక్క కొట్లు మునగాలా అని. ఆ మాట అన్నాయన ఇన్నయ్య దగ్గర తల ఎత్తలేకపోయాడు. అయినా అన్నాడు. అందరి మనసులోనూ ఉన్నదే అది. నా మనసులోనూ ఉంది.

లూర్దు లేచింది. "మా నాన్న మర మూయించి నిలబెట్టే వంతెన నాకొద్దండీ. దానికి తోడు వెయ్యడం నావల్ల కాదు. నన్ను క్షమించండి" అంది. అని వెళ్ళి పడమటి ఖానాకు కట్టిన సెలైన్ సీసాలన్నీ విప్పుకుని రేకుల గదిలో పెట్టి తలుపు వేసుకుంది. రోహిణి కార్తెకు ఇక నలభై రెండు రోజులుంది.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. గాజు పలకలు చూసిన రోజే నాకు ఒక ఆలోచన వచ్చింది. మరను వంతెనకు దూరంగా మారిస్తే సరిపోతుంది. కానీ ఎక్కడికి? దానికి త్రీఫేజు కరెంటు కావాలి, బండి తిరిగే వాకిలి కావాలి, పడమటి గాలికి దుమ్ము కొట్ల మీద పడకుండా తిన్నగా కాలువలోకి పోవాలి. అలాంటి చోటు బజారు మొత్తంలో ఒక్కటే ఉంది. ట్రాన్స్‌ఫార్మరు పక్కన, బస్టాండు ఎదురుగా, దక్షిణం కొసన. అది నా హోటలు. బస్సు దిగినవాడు మొదట చూసేది నా బోర్డే. ఆ చోటు కోసం మా నాన్న ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాడో నాకు తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను. పది రోజులు ఇన్నయ్య తడి గోనెల మధ్య ఉడుకుతుంటే చూస్తూ కూడా మూసుకున్నాను. ప్రెసిడెంటును!

మీటింగు అయిన మూడో రోజు ఇన్నయ్య భోజనానికి వచ్చాడు. వేళకు ముందే వచ్చాడు, ఇంకా ఎవరూ లేరు. ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గరే కూర్చున్నాడు.

"తెనాలి నుంచి పాతసామాన్ల వాళ్ళని రమ్మన్నా పానకాలూ. రేపొచ్చి మోటారూ రాళ్ళూ ఎత్తుకుపోతారు. మా అమ్మాయికి నువ్వే చెప్పు. రేపట్నుంచి గాలి శుభ్రంగా ఉంటది, ఆ సీసాలు కట్టుకోమను. నేను చెప్తే ఏడుస్తది."

"నువ్వేం చేస్తావన్నా?"

"చూద్దాం. ఏడు ఊళ్ళకి దారి ఉండాల గదా. ఆ దారినే గదా నా కొట్టుకి నలభై ఏళ్ళు పసుపొచ్చింది. రుణం ఉండదా?" అని, "పప్పు ఉందా ఇయ్యాల?" అన్నాడు.

నేను గరిటె కింద పెట్టేశాను. సిగ్గేసింది. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఆయన ఉన్నదంతా వదులుకుని పప్పు అడుగుతున్నాడు, నేను బోర్డు పట్టుకుని వేలాడుతున్నాను.

"పాతసామాన్ల వాళ్ళని రావద్దను. నీ మర ఇక్కడికి తెచ్చుకో. నా హోటలు నీ షెడ్డులో పెట్టుకుంటా" అన్నాను.

ఇన్నయ్య నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "బస్టాండు వదులుకుంటావా? నీకేమన్నా మతి పోయిందా?"

"ఇన్నాళ్ళూ పోయింది. ఇప్పుడే వచ్చింది."

వంటింట్లోంచి తిరపతమ్మ బయటికి వచ్చింది, చేతులు చెంగుకు తుడుచుకుంటూ. "పదిహేను రోజుల్నుంచి చూత్తన్నా, ఈయన నోట్లోంచి ఈ మాట ఎప్పుడొచ్చిద్దా అని. ఇంకో రెండు రోజులు చూసి నేనే అనేదాన్ని అన్నయ్యా" అంది. ఆవిడకూ మొదటి రోజే తట్టిందట! ఇన్నయ్య తల వంచుకుని విస్తరి అంచు సవరించుకున్నాడు. "ఈ రుణం నేనెట్టా తీర్చుకునేది" అన్నాడు. "పప్పు తిను" అంది తిరపతమ్మ.

ఆ ఆదివారం బజారులో నలభై రెండు షట్టర్లూ దిగాయి. ఒక్క పూటకు, అందరూ కావాలని దించినవే. అరటికాయల బండి మీద మర రాళ్ళు, సుభానీ వ్యానులో మోటారు, నా పెనాలూ డేగిసాలూ అందరి నెత్తిన. అవతలి ఊళ్ళవాళ్ళు ట్రాక్టర్లతో వచ్చారు. నలభై ఒక్క కొట్ల మాట అన్నాయన అందరికన్నా ముందు వచ్చి మోటారు కింద భుజం పెట్టాడు. చీకటి పడకముందే పని ముగిసింది. పాత షెడ్డును ఏడుసార్లు కడిగాం. పచ్చదనం విరుగుతూ కాలువ గట్టు దాకా పారింది. అప్పటికి కాలువ కట్టేశారు, పసుపు కొట్టుకుపోవడానికి నీళ్ళు లేవు కాబట్టి వంతెన కిందికి చుక్క చేరకుండా పక్కకు మళ్ళించాం.

సోమవారం పొద్దున లూర్దు రేకుల గది తలుపు తీసి సీసాలు మళ్ళీ కట్టింది. ఇప్పుడు నా హోటలు వంతెన పక్కనే కాబట్టి గంజి మోసే పని లేదు, అన్నం వార్చిన వేడికే అందించేవాళ్ళం. ఐదో రోజు చల్లగానే ఉంది. ఏడో రోజూ చల్లగానే ఉంది. తొమ్మిదో రోజు పదకొండున్నరకు తిరపతమ్మ ఖానా దగ్గర నుంచి పెట్టిన కేక బస్టాండు దాకా వినపడింది. బజారంతా పరిగెత్తి వచ్చి ఒకళ్ళ తరవాత ఒకళ్ళు అరచేతులు ఆనించారు. వెచ్చగా ఉంది. ఏడుకొండలైతే చెంప కూడా ఆనించాడు.

ఆ వరసలో ఇన్నయ్య లేడు. దూరంగా నిలబడి చూసి మరకు వెళ్ళిపోయాడు.

పడమటి బీటల్లోనూ నార రాయి అవుతుండగానే రోహిణి కార్తె వచ్చింది. ఇంజనీరు గారు ఇసుక లారీలు తెచ్చి ఒక్కో ఖానా మీదా రెండేసి నిలబెట్టించారు. ఎండిన కాలువలో, ప్రతి ఖానా కిందా గడియారం లాంటి పరికరం బిగించారు. బరువుకు వంతెన ఎంత దిగిందో అందులో ముల్లు చూపిస్తుంది. ఒక రోజంతా బరువు ఉంచాలి. దించాక ముల్లు తిరిగి వెనక్కి రావాలి. వస్తే వంతెనలో ప్రాణం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

జనాన్ని గట్టు మీదే ఆపేశారు. పడమటి ఖానా కింద ముల్లు చూడటానికి లూర్దు దిగింది. పైన లారీలు ఎక్కుతుంటే ఇన్నయ్య తాడు దాటి కాలువలోకి నడిచాడు. ఇంజనీరు గారు వద్దని అరిచారు.

"కింద ఉన్నది నా కూతురండీ. నేను పైనెట్టా నిలబడతా?" అని ఇన్నయ్య ఆగకుండా వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు. ఇంజనీరు గారు లారీలు రమ్మని చెయ్యి ఊపారు.

ముల్లు దిగింది. దిగి, ఒకచోట ఆగింది. మర్నాడు అదే వేళకు కూడా అక్కడే ఉంది. లారీలు ఒక్కొక్కటీ వెనక్కి తీశారు. తూర్పు ఖానా ముల్లు వెనక్కి వచ్చింది. నడిమిదీ వచ్చింది. పడమటిది మాత్రం కదల్లేదు. లూర్దు దాని మీది నుంచి చూపు తిప్పలేదు. తరవాత ఆ ముల్లు, మూలుగుతూ లేచే ముసలివాడిలా, కాస్త కాస్తగా వెనక్కి జరిగి సున్నా మీద నిలిచింది.

ఇంజనీరు గారు కిందికి దిగి కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు. పైకి వచ్చి, అన్నమాట ప్రకారం నోటీసు తన చేత్తోనే చింపారు. గట్టు మీద కేకలు, ఈలలు. సుభానీ, ఏడుకొండలు ఒకళ్ళనొకళ్ళు ఎత్తుకున్నారు. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక చుట్టూ ఉన్న అందరికీ పెట్టాను.

అప్పుడు కింద ఖానాలో తండ్రీ కూతుళ్ళు కనిపించారు. ఇన్నయ్య కమాను వైపు చెయ్యి చాపి, ఇటుకకు బెత్తెడు దూరంలో ఆపేశాడు. అరచేతులు చూసుకున్నాడు. నలభై ఏళ్ళ పసుపు అది. గీతల్లోకీ గోళ్ళ సందుల్లోకీ ఇంకిపోయింది, ఏ సబ్బుకూ పోదు. చెయ్యి వెనక్కి తీసుకుని నడుం వెనక దాచుకున్నాడు.

"వెచ్చగుంటదంటగా అమ్మా. అందరూ అంటన్నారు" అన్నాడు.

లూర్దు ఆయన చేతులు రెండూ ముందుకు లాగింది. వంతెనకు కాదు, తన బుగ్గలకు ఆనించుకుంది.

"ఇదిగో నాన్నా, ఇంత వెచ్చగుంటది. ఈ పసుపు మీద పెరిగినదాన్ని, నాకేం కాదు. గట్టిగా పట్టుకో."

ఇన్నయ్య పట్టుకున్నాడు. ఆమె పైకి వచ్చినప్పుడు రెండు బుగ్గలకూ పసుపు అంటుకుని ఉంది. తుడుచుకోమని ఎవరూ అనలేదు, ఆమె తుడుచుకోలేదు. పరీక్ష కోసం మూసి ఉంచిన అవతలి దారి తెరిచారు. మొదటి బండి వంతెన ఎక్కింది, పసుపు కొమ్ముల బస్తాలతో. బండివాడు మర ఎక్కడికి మారిందని అడిగాడు. మేమందరం ఒకేసారి చేతులెత్తి బస్టాండు వైపు చూపించాం.